తాత్కాలికంగా నూరేళ్ళు

కిబేరాలో ఇంటి గోడ ఎలా ఉంటుందో ముందు చూద్దాం. సన్నటి కర్రలు నిలువునా పాతి, అడ్డంగా బద్దలు కట్టి, ఆ గళ్ళలో ఎర్రమట్టి కూరి చేత్తో మెత్తుతారు. మన పల్లెల్లో తడికకు మట్టి మెత్తే పనితనం లాంటిదే. పైన ముడతల ఇనుప రేకు. స్వాహిలీలో దాన్ని మబాటి అంటారు. లోపల పది పన్నెండు అడుగుల చదరంలో ఒకే గది. మధ్యన వేలాడే గుడ్డతెరే దాన్ని పడకగా, వంటిల్లుగా విడదీస్తుంది. వాన కురిసినప్పుడల్లా గోడ అడుగు మెత్తబడి, మట్టి జారి, కర్రలు బయటపడతాయి. మళ్ళీ మెత్తుకోవాలి. కెన్యా రాజధాని నైరోబీ నడిబొడ్డు నుంచి నైరుతి దిక్కుగా అయిదారు కిలోమీటర్లు వెళితే ఇలాంటి గదులు వేలకు వేలు, ఒకదాని వీపు ఒకదానికి ఆనించినట్టు కనిపిస్తాయి. ఈ ఊరి వయసు సుమారు 120 ఏళ్ళు. ఇన్నేళ్ళలో నైరోబీలో రాతి బంగళాలు లేచాయి, అద్దాల మేడలు లేచాయి. కిబేరాలో మాత్రం మట్టి గోడ మట్టి గోడగానే ఎందుకుండిపోయింది? పేదలు కాబట్టి అని చటుక్కున జవాబు వస్తుంది. అందులో కొంత నిజం ఉంది గాని అసలు సంగతి లేదు. ఆ గదిలో ఉంటున్నవాడు నెలనెలా అద్దె కడుతున్నాడు. కట్టించినవాడు చాలాసార్లు పేదవాడు కాదు. రాయీ సిమెంటూ పెట్టి పక్కా ఇల్లు కట్టుకోవడానికి అక్కడ దశాబ్దాల పాటు అనుమతి లేదు. పక్కా గోడ లేస్తే దాని వెనకే హక్కు కూడా లేస్తుంది. మట్టి గోడనైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు తోసెయ్యవచ్చు. ‘ఇక్కడున్నవాళ్ళు తాత్కాలికం’ అన్న ఒక పాలనా నిర్ణయమే ఆ మట్టిలో కలిసి ఉంది. దాన్ని ఎవరు ఎందుకు నూరేళ్ళకు పైగా కాపాడుకుంటూ వచ్చారో తెలిస్తే కిబేరా కష్టాల్లో చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

కథ సిపాయిలతో మొదలవుతుంది. దక్షిణ సూడాన్ ప్రాంతంలో ఈజిప్టు కొలువులో ఉండి, ఆ పాలన కూలిపోయాక దిక్కులేకుండా మిగిలిన దళాలను 1891లో ఫ్రెడరిక్ లుగార్డ్ బ్రిటిష్ పక్షాన చేర్చుకున్నాడు. ఆ సైనికులు, వాళ్ళ కుటుంబాలు, దారిలో వాళ్ళతో కలిసిపోయిన నానా తెగలవాళ్ళు కాలక్రమాన నూబీలన్న పేరుతో ఒక జాతి అయ్యారు. ఇస్లాం వాళ్ళ మతం. అరబ్బీ నుంచి పుట్టిన నూబీ వాళ్ళ మాట. 1902లో ఏర్పడిన కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్ పటాలం తొలితరం బలగంలో వీళ్ళదీ ముఖ్యమైన భాగమే. 1904 ప్రాంతంలో నైరోబీ పక్కనున్న అడవి భాగంలో వీళ్ళ కుటుంబాలకు చోటు చూపించారు. నూబీ మాటలో ‘కిబ్రా’ అంటే అడవి. అదే అందరి నోళ్ళలో నాని కిబేరా అయింది. 1918లో 4,197 ఎకరాలను సైనిక భూమిగా గెజెట్‌లో ప్రకటించారు. నౌకరీ ముగించిన సిపాయికి షాంబా పాస్ అనే కాగితం ఇచ్చేవారు. షాంబా అంటే చేను. ఆ కాగితం ఉన్నవాడు గుడిసె వేసుకోవచ్చు, జొన్నో మొక్కజొన్నో పండించుకోవచ్చు, శిస్తు కట్టనక్కర్లేదు. అమ్మే హక్కు మాత్రం లేదు. పింఛనుకు బదులుగానే ఆ నేల ఇచ్చారని నూబీలు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇచ్చినవాళ్ళు మాత్రం దాన్ని ఎన్నడూ పట్టాగా రాయలేదు. హైదరాబాదులో నిజాం కొలువులోని ఆఫ్రికన్ గుర్రపు దళం ఉన్న చోటు ఈనాటికీ ఏసీ గార్డ్స్ పేరుతోనే ఉంది. ప్రభువు దయ మీద దొరికిన నేల, ప్రభువు పోయాక ఎవరిదన్న ప్రశ్న ఆ వీధులకూ కొత్తది కాదు. కాకపోతే కిబేరాలో ఆ ప్రశ్న మీద ఒక మహానగరపు మురికివాడే లేచింది.

పాస్ ఇచ్చిన చేతే దాన్ని వెనక్కి తీసుకోవాలని చూసింది. 1915 నాటి క్రౌన్ ల్యాండ్స్ చట్టం ప్రకారం ఆఫ్రికన్లున్న నేల కూడా రాజుగారి నేలే. 1928లో పటాలం కిబేరా బాధ్యత వదులుకుని సివిల్ అధికారులకు అప్పగించింది. అప్పటికే తెల్లవాళ్ళ నివాసాలు ఆ దిక్కుగా పెరుగుతున్నాయి. నగరం అంచున ఆఫ్రికన్ ముస్లింల పల్లె ఉండడం అధికారులకు కంటగింపు. నూబీ ఆడవాళ్ళు బట్టీ పెట్టి కాచే సారా నగరమంతా అమ్ముడుపోతోందని, నేరగాళ్ళు అక్కడ తలదాచుకుంటున్నారని ఫైళ్ళలో ఫిర్యాదులు పేరుకున్నాయి. (సాగుకు నీళ్ళు, పెట్టుబడి, మార్కెట్టు ఏదీ ఇవ్వకుండా చేతిలో సారా బట్టీ ఉందేమని అడగడం పాలకులకు ఎక్కడైనా అలవాటే.) 1930లలో కార్టర్ అధ్యక్షతన కెన్యా భూముల కమిషన్ వచ్చింది. నూబీలు సర్కారుకు ఇష్టమున్నంత కాలం ఉండే కౌలుదార్లు మాత్రమే, చట్టబద్ధమైన హక్కేమీ లేదంది. అయినా వాళ్ళపట్ల ప్రభుత్వానికి నైతిక బాధ్యత ఉందని కూడా అంది. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్న ఊరిని ఖాళీ చేయించడానికి ధైర్యం చాలలేదు, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మధ్యేమార్గంగా దొరికింది నిర్లక్ష్యం. రోడ్డు వెయ్యలేదు, మురుగు కాలువ తవ్వలేదు, నీటి గొట్టం తేలేదు. వేస్తే ఊరిని ఒప్పుకున్నట్టే కదా! ఈ లోగా 4,197 ఎకరాలూ అంచుల నుంచి కరుగుతూ వచ్చాయి. ఇవాళ కిబేరా సుమారు రెండున్నర చదరపు కిలోమీటర్లు. దాని పక్కనే పచ్చగా పరుచుకున్న గోల్ఫ్ మైదానం ఉంది.

కిబేరా ఒక్కదాన్నే చూస్తే ఇది ఒక చిన్న జాతికి జరిగిన అన్యాయంలా కనిపిస్తుంది. నగరమంతటినీ చూస్తే ఆఫ్రికన్ల విషయంలో పాలకుల పద్ధతే అదని తేలుతుంది. నైరోబీ 1899లో ఉగాండా రైల్వే మజిలీగా పుట్టిన ఊరు. ఆ రైలు పట్టాలు పరచడానికి మన దేశం నుంచి 30 వేలకు పైగా కూలీలు వెళ్ళారు, వాళ్ళలో ఎక్కువమంది పంజాబు వాళ్ళు. 1902లో ప్లేగు వచ్చినప్పుడు ఇండియన్ బజారును తగలబెట్టారు. రోగానికి మందు నిప్పు అన్న ఆ పద్ధతి తర్వాత పట్టణ ప్రణాళికగా మారింది. 1913లో పారిశుద్ధ్యం పరిశీలించడానికి వచ్చిన సింప్సన్, జాతుల్ని విడదీసి నివాసాలు కేటాయించాలని సిఫారసు చేశాడు. గాలి, ఎత్తు, నీడ ఉన్న వైపు తెల్లవాళ్ళకు, మధ్యలో భారతీయులకు, తూర్పున పల్లపు నేల ఆఫ్రికన్లకు. ఆఫ్రికన్ మగవాడు మెడలో కిపాండే అనే గుర్తింపు చీటీని డబ్బీలో పెట్టి వేలాడదీసుకుని తిరగాలి. పని ఉన్నన్నాళ్ళే నగరంలో చోటు. పని అయిపోతే పల్లెకు పోవాలి. జీతం ఒంటరి మగవాడికి సరిపడా లెక్కగట్టేవారు, వసతి కూడా అంతే: ఒక మంచం పట్టే జాగా. పెళ్ళాం బిడ్డలు పల్లెలో ఉండాలన్నది అందులోని ఊహ. సొంతంగా ఊళ్ళు వేసుకున్న ఆఫ్రికన్ల పేటలను ఒక్కొక్కటిగా కూల్చారు. 1930ల చివర పంగాని పేట అలాగే పోయింది. 1954లో ‘ఆపరేషన్ ఆన్విల్’ పేరుతో కికూయు తెగవాళ్ళను వేల సంఖ్యలో చుట్టుముట్టి నగరం నుంచి తరలించారు. ఆఫ్రికన్ నగరవాసి అనే మనిషే లేడన్న నమ్మకం మీద కట్టిన నగరంలో అతనికి ఇల్లు ఎందుకుంటుంది?

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది, తీసిపారేయదగ్గది కూడా కాదు. తెల్లదొరలు 1963 డిసెంబరులో వెళ్ళిపోయారు. అరవై ఏళ్ళు దాటాక కూడా ప్రతి కష్టానికీ వాళ్ళ పేరే చెప్పుకుంటే ఎలా? నిజమే, అలా చెప్పుకోకూడదు. వలస పాలన తాత్కాలికాన్ని భయం కొద్దీ కాపాడింది. స్వతంత్ర పాలన దాన్ని లాభం కొద్దీ కాపాడింది. నాకు రెండోదే ఎక్కువ దోషంగా కనిపిస్తుంది. క్రౌన్ ల్యాండ్ పేరు గవర్నమెంట్ ల్యాండ్‌గా మారింది, పెత్తనం మారలేదు. కింది స్థాయి పాలన చీఫ్ చేతిలో ఉండేది. అతన్ని జనం ఎన్నుకోరు, ప్రభుత్వం నియమిస్తుంది. 1970ల నుంచి కిబేరాలో గుడిసె వెయ్యాలన్నా, పాత గోడకు మట్టి మెత్తాలన్నా, కొత్త రేకు వెయ్యాలన్నా చీఫ్ ‘సరే’ అనాలి. ఆ మాటకు రాతకోత ఉండదు, రేటు మాత్రం ఉంటుంది. కెన్యాలో లంచాన్ని ‘కిటు కిడోగో’ అంటారు, అంటే ‘ఏదో చిన్నది’. ఆ చిన్నది ఇచ్చుకోగలిగినవాడు పది గదుల వరస వేసి అద్దెకిచ్చేవాడు. ఫిలిప్ అమిస్ అనే పరిశోధకుడు 1984లోనే, ఇది పేదలు నేల ఆక్రమించుకున్న కథ కాదని, అద్దె వ్యాపారమని రాశాడు. నేలకు డబ్బు పెట్టనక్కర్లేదు, పన్ను లేదు, పెట్టిన కర్రా మట్టీ రేకూ ఖర్చు ఏడాది రెండేళ్ళ అద్దెలో తిరిగొస్తుంది. నగరంలో ఇంతకంటే లాభసాటి కట్టడం లేదు. 2002లో వెలువడిన ఒక అధ్యయనం కిబేరా యజమానుల్లో సగానికి పైగా ప్రభుత్వోద్యోగులు, రాజకీయులేనని తేల్చింది. నేల మీద హక్కుల చిక్కు విప్పాల్సినవాళ్ళే ఆ చిక్కు మీద అద్దె వసూలు చేసుకుంటుంటే అది విడివడేదెప్పుడు? ఇందులో నూబీలకూ భాగముంది. తమ పాత షాంబాల్లో గదులు కట్టి అద్దెకిచ్చింది వాళ్ళే ముందు. ఆ పైన చీఫ్ అండతో వచ్చిన బయటివాళ్ళు వాళ్ళను మించిపోయారు. ప్రపంచ బ్యాంకు తరఫున 2004లో జరిగిన సర్వేలో నైరోబీ మురికివాడల కుటుంబాల్లో 92 శాతం అద్దెకున్నవాళ్ళే. ఆక్రమణదారు అని మనం పిలిచే మనిషి నిజానికి నెల మొదట్లో ఠంచనుగా అద్దె కట్టే కిరాయిదారు.

జనం పెరిగారు, పల్లెల నుంచి వరదలా వచ్చారు, ఏ ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుందన్నది ఇంకో వాదన. పెరిగిన మాట వాస్తవం. 1969లో నైరోబీ జనాభా సుమారు 5 లక్షలు. 2009 నాటికి 31 లక్షలు. పడమటి కెన్యా నుంచి లువోలు, లూయాలు, చుట్టుపక్కల నుంచి కికూయులు, కంబాలు కిబేరా చేరారు. పేట పేర్లలోనే ఆ రాకడ కనిపిస్తుంది. కిసుము ఊరి నుంచి వచ్చినవాళ్ళది కిసుము న్డోగో, అంటే చిన్న కిసుము. దక్షిణాఫ్రికా పోరాటం మీది అభిమానంతో సొవేటో. సైనికులు తుపాకీ గురి చూసుకునే మైదానం ఉన్న చోటు లైని సబా అయిందంటారు. కానీ వలస వల్ల ఎంతమంది వచ్చారో తెలుస్తుంది గాని, వచ్చినవాళ్ళు ఎలా బతకాల్సి వచ్చిందో తెలియదు. అదే నలభై ఏళ్ళలో అదే నగరంలో ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీలు కాలనీలకు కాలనీలు కట్టాయి. కిబేరా చుట్టూ కట్టినవి ఆ పాత సైనిక భూమి ముక్కల మీద లేచినవే. వాటికి గొట్టాలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. నగరానికి నీళ్ళు తెచ్చే శక్తి లేక కాదు, గోడకు ఇవతల ఇచ్చి అవతల ఇవ్వకపోవడం వల్ల తేడా వచ్చింది. గొట్టం రావాలంటే నేల మీద పేరున్నవాడు దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ నేల మీద ఎవరి పేరూ లేదు. గదులు కట్టిన యజమాని తన అద్దెలోంచి నీళ్ళకు ఖర్చు పెట్టడు, ఎందుకంటే ఆ కట్టడం రేపుంటుందో లేదో అతనికీ తెలియదు. అద్దెకున్నవాడు పెట్టడు, ఇల్లు తనది కాదు.

కొంచెం ఆగి ఆ నీళ్ళ లెక్కే చూద్దాం, తాత్కాలికం ఖరీదు అక్కడ అణాపైసలతో తెలుస్తుంది. కిబేరాలో నీళ్ళు ఇంట్లోకి రావు, క్యాన్‌లో వస్తాయి. వంటనూనె వచ్చిన 20 లీటర్ల పసుపు ప్లాస్టిక్ క్యాను, ఖాళీ అయ్యాక నీళ్ళబిందె అవుతుంది. సందు మలుపులో రేకుల గది, దానికో కిటికీ, కిటికీలోంచి వేలాడే రబ్బరు గొట్టం: అదే నీళ్ళ దుకాణం. ముందు వరసగా క్యాన్లు. మనిషి పక్కకి వెళ్ళినా వరసలో అతని వంతు క్యానే కాపాడుతుంది. కొన్నేళ్ళ కిందట మామూలు రోజుల్లో క్యానుకు రెండు మూడు షిల్లింగులు ఉండేది. రెండు షిల్లింగులే కదా అనిపిస్తుంది. వెయ్యి లీటర్లకు లెక్కకట్టండి, 100 నుంచి 150 షిల్లింగులవుతుంది. కొరత రోజుల్లో అదే క్యాను పది షిల్లింగులైతే వెయ్యి లీటర్లు 500. మురికివాడవాళ్ళు సంపన్న పేటలవాళ్ళ కన్నా లీటరుకు అయిదు నుంచి పదింతలు ఎక్కువ చెల్లిస్తున్నారని, లండన్, న్యూయార్క్ వాళ్ళ కన్నా కూడా ఎక్కువేనని ఐక్యరాజ్యసమితి 2006 మానవాభివృద్ధి నివేదిక కిబేరాను ఉదాహరణగా చూపి చెప్పింది. దుకాణందారు దుర్మార్గుడని కాదు. మెయిన్ గొట్టం ఊరి అంచున ఆగిపోతుంది. అక్కడి నుంచి అతనే సన్నటి ప్లాస్టిక్ పైపు వందల మీటర్లు లాక్కోవాలి, దారిలో ఉన్నవాళ్ళ చేతులు తడపాలి, పైపు కోసిపోయేవాళ్ళకు కాపలా కాయాలి. ఆ ఖర్చంతా క్యానులోకి ఎక్కుతుంది. ఆ పైపులు మురుగు కాలువల్లోంచే పోతాయి. వేరే దారి లేదు. నీళ్ళు వదలని గంటల్లో పైపు లోపల ఒత్తిడి పడిపోతుంది, ఎక్కడ అతుకు వదులైతే అక్కడ బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు అది మొదటి క్యాన్లలోకి వస్తుంది. కలరా, విరేచనాలు ఎందుకొస్తాయో తెలుసుకోవడానికి శుభ్రత పాఠాలు అక్కర్లేదు, ఆ అతుకు చూస్తే చాలు. ఈ చిక్కు గమనించే కెన్నెడీ ఒడెడె స్థాపించిన స్థానిక సంస్థ షోఫ్‌కో పైపుల్ని నేల మీది నుంచి లేపి స్తంభాల మీద కరెంటు తీగల్లా నడిపింది. తెలివైన పని. నగరపాలన చెయ్యాల్సింది తాడుకట్టి గాల్లో చేయాల్సి రావడం కూడా ఆలోచించాల్సిందే.

మరుగుదొడ్డి సంగతి ఇంతకన్నా భిన్నం కాదు. గుంట తవ్వాలంటే జాగా కావాలి. ఆ జాగాలో ఇంకో అద్దె గది పడుతుంది. కాబట్టి ఎన్నో కుటుంబాలకు కలిపి ఒకే గుంట. రాత్రిపూట సందులో ఆడవాళ్ళకు భయం, కొన్నిచోట్ల తలకింత చెల్లించాలి. అందుకే ప్లాస్టిక్ సంచీలో కానిచ్చి చీకట్లో విసిరేసే అలవాటు పుట్టింది. ‘ఎగిరే మరుగుదొడ్డి’ అని ప్రపంచమంతా నవ్వుతూ, జాలిపడుతూ రాసుకుంది. కరెంటూ అంతే, దొంగ తీగ లాగి నెలకింత అని పంచేవాళ్ళుంటారు, రాత్రి నిప్పంటుకుంటే ఫైరింజను వచ్చే దారి ఉండదు. తిండి కూడా రోజు కూలి ఎంతో అంతకే: నూనె గరిటెడు, పంచదార చిన్న పొట్లం, బొగ్గు ఒక డబ్బా. దీన్ని కడోగో అంటారు, చిల్లర బేరమని చెప్పుకోవచ్చు. గరిటెల లెక్కన కొన్న నూనె సీసా లెక్కన కొన్నదాని కంటే ప్రియం. పేదవాడిగా బతకడం ఖరీదైన వ్యవహారమని చెప్పడానికి కిబేరా కన్నా మంచి కిరాణా కొట్టు దొరకదు.

ఇంతకీ ఎంతమంది? చాలా ఏళ్ళు పత్రికలు, సేవాసంస్థలు, రాజకీయ నాయకులు కిబేరా జనాభా పది లక్షలన్నారు, ఆఫ్రికాలోకెల్లా పెద్ద మురికివాడ అన్నారు. 2009 జనగణనలో తేలింది 1,70,070. అదే రోజుల్లో విడిగా వేసిన అంచనాలు కూడా రెండు లక్షల దగ్గరే తిరిగాయి. పది లక్షలు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పెద్ద అంకె అందరికీ పనికొచ్చింది. విరాళం అడిగేవాడికి, ఓట్లు లెక్కపెట్టుకునేవాడికి, విమానాశ్రయం నుంచి గంటలో చేరుకుని ఫొటో తీసుకుని వెళ్ళే విలేకరికి. ఐక్యరాజ్యసమితి ఆవాసాల సంస్థ ప్రధాన కార్యాలయం నైరోబీలోనే ఉండడం కూడా దీనికి సాయపడింది. ప్రపంచంలో మురికివాడ చూడదల్చిన ప్రముఖుడెవరైనా చూసేది కిబేరానే. అసలు అంకె బయటపడితే కష్టం తక్కువైపోదా అని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే తద్విరుద్ధంగా తోస్తుంది. రెండున్నర చదరపు కిలోమీటర్లలో 1,70,000 మంది అంటే చదరపు కిలోమీటరుకు 70 వేలకు దగ్గర. ఇరుకు ఏమాత్రం తగ్గలేదు. తగ్గింది సాకు ఒక్కటే. పది లక్షలమందికి నీళ్ళివ్వడం మానవ సాధ్యమా అని చేతులెత్తేయవచ్చు; రెండు లక్షలమంది ఒక మోస్తరు పట్టణం, ఏ మునిసిపాలిటీ అయినా చెయ్యగల పని. ఇంత పేరుమోసిన ఊరు 2009 దాకా పటాల్లో దాదాపు ఖాళీ జాగా. ఆ ఏడాది స్థానిక యువకులే చేతిలో జీపీఎస్ పట్టుకుని సందు సందూ తిరిగి, మ్యాప్ కిబేరా పేరుతో నీళ్ళ దుకాణాలు, బడులు, మందుల షాపులు పటమ్మీదకు ఎక్కించారు. లేదనుకున్న ఊరిని పటంలో పెట్టడమూ ఒకరకం హక్కు అడగడమే.

అయితే తేలికైన పరిష్కారముందిగా, పట్టాలు ఇచ్చేస్తే సరి అంటారు. పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో వాదన చదివినవాళ్ళు మరీ గట్టిగా అంటారు. కానీ ఎవరికి? 4,197 ఎకరాలూ మా తాతలకిచ్చినవి అంటాడు నూబీ. చీఫ్‌కి డబ్బు కట్టి కట్టించాను, కట్టడం నాది అంటాడు గదుల యజమాని. అతను ఊళ్ళో కూడా ఉండడు. ముప్పై ఏళ్ళుగా అద్దె కట్టాను, ఈ గదుల ఖరీదు నాలాంటివాళ్ళం పదిసార్లు తీర్చాం అంటాడు కిరాయిదారు. ముగ్గురి మాటలోనూ న్యాయముంది. 2001 చివర్లో అధ్యక్షుడు మోయి, స్థానిక ఎంపీ రైలా ఒడింగా కిబేరాలో అద్దెలు తగ్గాలని బహిరంగంగా అన్నప్పుడు కిరాయిదారులకు, నూబీ యజమానులకు మధ్య కత్తులు లేచాయి, ప్రాణాలు పోయాయి. అద్దె తగాదా తెగల తగాదా అయింది. 2007 ఎన్నికల తర్వాతి అల్లర్లలో ఊరి మధ్య నుంచి పోయే రైలు పట్టాలనే పీకేశారు. ఏ రైలు వల్ల ఈ నగరం పుట్టిందో ఆ రైలు పట్టాలే. గోడ పక్కాది చేస్తే మొదట లాభపడేది దాని యజమాని, అద్దె పెంచుతాడు. లోపలున్నవాడు ఇంకో మట్టి గోడ వెతుక్కుంటూ పోతాడు. పట్టా కన్నా ముందు తేలాల్సింది అద్దె సంగతి అని నేననడం అందుకే. తాత్కాలికం రోగమన్నంత మాత్రాన, కాగితమే మందని రుజువు కాదు.

అనుభవమూ అదే చెప్పింది. ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి కలిసి 2004లో మురికివాడల ఉన్నతీకరణ పథకం మొదలుపెట్టాయి. 2009 సెప్టెంబరులో సొవేటో ఈస్ట్ పేటవాళ్ళను లంగాటాలోని 600 ఫ్లాట్లకు తాత్కాలికంగా తరలించారు. మళ్ళీ ఆ మాటే! ఒక్కో ఫ్లాటులో గదికో కుటుంబం చొప్పున మూడేసి కుటుంబాలు. కుళాయి ఉంది, కరెంటుంది, తలుపుకు గొళ్ళెముంది. కొంతకాలానికి కొందరు తమ గదిని బయటివాళ్ళకు అద్దెకిచ్చి కిబేరాకు తిరిగి వెళ్ళిపోయారు. పేదలకు మేడ పనికిరాదని దీన్ని చూపించి నవ్వినవాళ్ళున్నారు. తిరిగి వెళ్ళినవాళ్ళ లెక్క సూటిగా ఉంది. ఫ్లాటు గదికి వచ్చే అద్దె, కిబేరా గదికి కట్టే అద్దె మధ్య తేడా ప్రతినెలా చేతికొచ్చే జీతం లాంటిది. పైగా గుమ్మం ముందు పెట్టుకున్న కూరగాయల బల్ల, చేపల వేపుడు మూకుడు నాలుగో అంతస్తులో నడవవు. యజమానులు దశాబ్దాలుగా చేస్తున్న వ్యాపారాన్నే వాళ్ళూ ఒక గదితో చేశారు. సొవేటో ఈస్ట్‌లో కట్టిన కొత్త ఇళ్ళు 822 చివరికి 2016లో అప్పగించారు. మొదలుపెట్టి పన్నెండేళ్ళు.

నూబీల వైపు కథ కొంచెం ముందుకు కదిలింది. ఇక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలకు కెన్యా పౌరసత్వం అడ్డంకుల్లేకుండా అందడం లేదని 2011లో ఆఫ్రికా బాలల హక్కుల నిపుణుల కమిటీ తప్పుపట్టింది. 2017లో అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా వాళ్ళ సామూహిక ట్రస్టుకు 288 ఎకరాలకు టైటిల్ దస్తావేజు ఇచ్చాడు. 4,197లో 288. వ్యక్తులు అమ్ముకోవడానికి వీల్లేకుండా ట్రస్టు పేర రాయడం తెలివైన ఏర్పాటే. ఆ 288 ఎకరాల మీదున్న కిరాయిదారు సంగతి మాత్రం ఆ దస్తావేజు కిందికి రాదు.

మరుసటి ఏడు జులైలో రోడ్డు వచ్చింది. న్గాంగ్ రోడ్డును లంగాటా రోడ్డుతో కలిపితే కార్లకు దారి సులువవుతుందని ఎప్పటి నుంచో అనుకుంటున్న రోడ్డు అది. దారికి అడ్డమున్న గుడిసెల మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తులు పెట్టారు. ఎవరెవరు నష్టపోతారో పేర్లు రాసుకోవడం జరిగింది గాని, వాళ్ళను ఎక్కడ పెట్టాలో తేలకముందే 23వ తేదీ తెల్లవారుజామున బుల్డోజర్లు వచ్చాయి. వేలాదిమంది రోడ్డున పడ్డారు, బడులు కూడా పోయాయి. మట్టి గోడ కూలడానికి యంత్రం పెద్దగా కష్టపడనక్కర్లేదు. దుమ్ములోంచి జనం ముందుగా లాక్కున్నవి మబాటి రేకులు. కొట్టిన మేకుల బెజ్జాలు అలాగే ఉన్న ఆ రేకులు, ఇంకో చోట ఇంకో మట్టి గోడ మీదికి ఎక్కుతాయి.